కదలని రోగికి మెలకువ ఉంటే?

1845లో బోస్టన్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టర్ నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ పీల్పించి నలుగురి ముందు పన్ను పీకాడు. మత్తు చాలక రోగి మూలిగాడు, చూసేవాళ్లు వెల్స్‌ను ఎగతాళి చేశారు. అవమానం వెల్స్‌కే గానీ రోగికి ఒక వీలుంది: నొప్పి తెలిస్తే మూలగొచ్చు, చెయ్యి విదిలించొచ్చు. ఆ తర్వాత వచ్చిన ఈథర్, క్లోరోఫాం రోజుల్లోనూ మత్తు లోతును ఊపిరి తీరు, కనుపాపలు, ఒంటి బిగువు చూసే అంచనా వేసేవారు. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ అయితే క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరిని గమనిస్తే చాలు, నాడితో పనిలేదన్నాడు. ఆ వాదన తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నాయి. లారీది మొండి పట్టు, చివరికి తప్పని తేలింది.

అసలు చిక్కు 1942లో మొదలైంది. మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే మత్తు డాక్టర్లు ఆపరేషన్‌లో కండరాలను సడలించే క్యురారే అనే మందు వాడారు. కండరాలు సడలడంతో సర్జన్ పని సులువైంది, మత్తు గ్యాస్ తక్కువైనా సరిపోతోంది. కానీ మెలకువ వచ్చినా రోగి ఇక వేలు కూడా కదపలేడు. ఊపిరి కూడా మెషీన్‌దే.

1960లలో ఎడ్మండ్ ఈగర్ బృందం గ్యాస్ మోతాదుకు ఒక కొలత తెచ్చింది: కోత పెట్టినప్పుడు సగం మంది కదలకుండా ఉండే గాఢత. దాని పేరు మాక్. సెవోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్‌కు అది సుమారు 2 శాతం. మాటకు పలకకుండా చేయడానికి అందులో మూడో వంతు చాలు. అంటే కదలిక ఆగే మోతాదులో స్పృహ ఎప్పుడో పోయి ఉండాలి. అయితే కోత నొప్పి రోగిని మళ్లీ మెలకువ వైపు లాగుతుంది. పైగా కదలికను ఆపేది ప్రధానంగా వెన్నుపాము మీద గ్యాస్ ప్రభావమేనని 1993లో ఎలుకల మీద, మేకల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. మెదడు సంగతి మాక్ నేరుగా చెప్పదన్నమాట.

రోగికి మెలకువ ఉందో లేదో తెలుసుకోవడానికి 1977లో టన్‌స్టాల్ అనే మత్తు డాక్టర్ తేలిక ఉపాయం చెప్పాడు. సడలించే మందు ఇచ్చేముందు ఒక చేతికి బీపీ పట్టీ బిగిస్తే మందు ఆ చేతికి చేరదు. ఆపరేషన్ మధ్యలో "నా వేళ్లు నొక్కండి" అంటే కొందరు నొక్కారు. లేచాక చాలామందికి ఏమీ గుర్తులేదు.

2014లో బ్రిటన్, ఐర్లండ్ సర్వే ప్రకారం మెలకువ వచ్చిందన్న ఫిర్యాదులు 19,000 మత్తులకు ఒకటి. సడలించే మందు వాడితే 8,200కు ఒకటి, వాడకపోతే 1,35,900కు ఒకటి. వేళ్లు నొక్కి మరిచిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.