థైమస్ కణితి: కత్తి పట్టకముందు సీటీ స్కాన్ చెప్పేది

కనురెప్ప వాలిపోతోందని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆయన ఛాతీకి సీటీ స్కాన్ రాస్తారు. లేదా దగ్గు తగ్గడం లేదని ఇంకెవరో స్కాన్ తీయించుకుంటే, రొమ్ము ఎముక వెనక ఎవరూ ఊహించని గడ్డ ఒకటి కనబడుతుంది. రిపోర్టులో 'యాంటీరియర్ మీడియాస్టైనల్ మాస్, థైమోమా అనుమానం' అని రాసి ఉంటుంది. అంటే ఛాతీ నడుమ ముందు భాగంలో ఒక గడ్డ ఉంది, అది థైమస్ గ్రంథిలో పుట్టిన కణితి కావచ్చని. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఇది క్యాన్సరా? అడగాల్సిన ప్రశ్నే. అయితే సీటీ స్కాన్ ఇంతకంటే గట్టిగా జవాబివ్వగల ప్రశ్నలు మూడున్నాయి. ఈ గడ్డను అసలు తీయాలా? తీస్తే ఏమీ మిగలకుండా మొత్తం వస్తుందా? ముందు ఆపరేషనా, ముందు కీమోథెరపీనా? కణితి రకం ఏమిటన్నది మైక్రోస్కోపు కింద తరవాత తేలుతుంది. ఈ మూడింటి సంగతి మాత్రం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లకముందే తేలాలి.

గుండెకూ పెద్ద రక్తనాళాలకూ ముందు, రొమ్ము ఎముకకు వెనక, రెండు తమ్మెలతో ఉండే మెత్తటి అవయవం థైమస్. ఎముక మజ్జలో పుట్టిన కొన్ని కణాలు ఇక్కడికి చేరి, రోగాలతో పోరాడే టి-కణాలుగా తయారవుతాయి. వాటిలో సొంత ఒంటి మీదే దాడి చేసేవాటిని థైమస్ చాలావరకు ఏరి చంపేస్తుంది. ఇది మనకు తెలిసి ఎంతో కాలం కాలేదు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుకల్లో థైమస్ తీసేసి చూశాడు. అవి అంటురోగాలకు తట్టుకోలేకపోయాయి, పరాయి చర్మం అతికిస్తే తిరస్కరించలేకపోయాయి. పసితనంలో ఒంటి సైజుతో పోలిస్తే పెద్దగా ఉండే ఈ గ్రంథి, ఈడు వచ్చాక కుంచించుకుపోతూ క్రమంగా కొవ్వుగా మారుతుంది. అందువల్ల మామూలు థైమస్ ఇలాగే ఉంటుందని ఒక్క బొమ్మ గీసి చూపించలేం. పదిహేనేళ్ల పిల్లాడిలో మామూలనిపించే నీడ అరవై ఏళ్ల మనిషిలో కనబడితే అనుమానించాలి.

మామూలంటే ఏమిటో తెలియకపోతే ఎంత నష్టం జరుగుతుందో ఈ గ్రంథి చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు శవపరీక్షలకు దొరికేవి ఎక్కువగా పేద పిల్లల శరీరాలు, చాలాకాలం జబ్బుపడి, తిండి చాలక చనిపోయినవాళ్లవి. జబ్బు ఒత్తిడికి థైమస్ చిక్కిపోతుంది. వైద్యులు ఆ చిక్కిన సైజునే మామూలనుకున్నారు. దాంతో ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన బిడ్డ థైమస్ వాళ్ల కళ్లకు 'వాచిపోయినట్టు' కనబడింది. చావుకు అదే కారణమన్నారు. 20వ శతాబ్దం తొలి సగంలో, ముఖ్యంగా అమెరికాలో, ఎక్స్-రేలో థైమస్ పెద్దగా కనబడిన వేలాదిమంది పసిపిల్లలకు దాన్ని చిన్నది చేయడానికని రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందని 1950 నుంచి బయటపడుతూ వచ్చింది. జబ్బే లేని అవయవానికి వైద్యం చేస్తే జరిగిన నష్టమిది.

ఈ పొరపాటు వేరే రూపంలో ఇప్పటికీ జరుగుతోంది. థైమస్ తీసేసే ఆపరేషన్లను పరిశీలించి 2015లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో దాదాపు 44 శాతం ఆపరేషన్లు రోగికి చికిత్సగా పనికొచ్చినవి కావని తేలింది. వాటిలో సగానికి పైగా లింఫోమాలు, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్లు. లింఫోమాకు కావాల్సింది చిన్న ముక్క తీసి పరీక్షించి మందులు పెట్టడం. గ్రంథినంతా కోసి తీయనక్కర్లేదు. మిగతావి చాలావరకు నీటి తిత్తులు, క్యాన్సర్ కాని వాపులు. పైగా, పెద్దవాళ్లలో థైమస్ తీసేస్తే పోయేదేమీ లేదన్న పాత నమ్మకాన్ని 2023లో బోస్టన్ పరిశోధకులు కదిలించారు. ఆపరేషన్ తరవాత 5 ఏళ్లలో, థైమస్ తీసేసినవాళ్లలో 8.1 శాతం మంది చనిపోగా, థైమస్ తీయకుండా ఛాతీలో వేరే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 2.8 శాతం మంది చనిపోయారు. ఇది పాత రికార్డుల పరిశీలన కాబట్టి ఆపరేషన్ వల్లే ఆ తేడా వచ్చిందని ఖాయంగా చెప్పలేం. అయినా, అనుమానం ఉంది కదా తీసేద్దాం అనే తొందరకు ఇది పెద్ద అడ్డంకే అవ్వాలని నా అభిప్రాయం.

తొందరపడకుండా ఉండాలంటే సీటీ ఎక్కడ మోసపోతుందో తెలియాలి. సీటీలో ప్రతి చుక్కకూ ఒక సాంద్రత సంఖ్య ఉంటుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు ఇంచుమించు మైనస్ 100. నీటి తిత్తి అయితే సున్నా దగ్గర ఉండాలి. కానీ థైమస్ తిత్తిలో ప్రోటీన్ చిక్కబడినా, కాస్త రక్తం చేరినా ఆ సంఖ్య పైకి ఎగబాకి, తిత్తి గట్టి కణితిలా కనబడుతుంది. అలాంటప్పుడు ఎంఆర్ఐ కావాలి. ద్రవానికీ కండకూ తేడా అది బాగా పట్టిస్తుంది. కీమోథెరపీ తరవాతో, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులోనో థైమస్ తనంతట తానే పెరుగుతుంది. ఆ పెరిగిన కణజాలంలో కంటికి కనబడని కొవ్వు కలిసి ఉంటుంది. ఎంఆర్ఐలోనే ఒక ప్రత్యేక పద్ధతి ఆ కొవ్వును కూడా కనిపెడుతుంది.

ఇక నిజంగా థైమోమాయే అనుకుందాం. ఇది అరుదు, అమెరికా లెక్కల్లో ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా నడివయసు దాటాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఎ, ఎబి, బి1, బి2, బి3 రకాలున్నాయి. థైమస్‌లోనే పుట్టే, ఇంకా దుడుకైన క్యాన్సర్ థైమిక్ కార్సినోమా వీటికి వేరు. మొదటి మూడింటినీ తక్కువ ప్రమాదం కిందా, బి2, బి3లను ఎక్కువ ప్రమాదం కిందా లెక్కేయడం వాడుక. సూదితో ముక్క తీసి ముందే తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ స్కాన్‌లో థైమోమాలాగే కనబడుతూ, మొత్తంగా తీయగలిగేలా ఉన్న కణితికి సాధారణంగా బయాప్సీ చేయరు. దాని పైపొర చెదిరితే కణాలు ఊపిరితిత్తుల పొర మీద రాలి మొలకెత్తే భయం ఉంది. ఒకే కణితిలో ఒకచోట ఒక రకం, ఇంకోచోట మరో రకం ఉండొచ్చు కాబట్టి సూదికి చిక్కిన ముక్క తప్పుదారి కూడా పట్టించవచ్చు. అందువల్ల బరువంతా సీటీ మీదే పడుతుంది.

రేడియాలజిస్టు ముందు అంచులు చూస్తారు. నున్నగా, గుండ్రంగా, లోపలంతా ఒకే తీరుగా ఉంటే తక్కువ ప్రమాద రకం కావచ్చు. అంచు బుడిపెలు బుడిపెలుగా ఉండి, లోపల కుళ్లిన భాగాలో సున్నపు మచ్చలో ఉంటే అనుమానం పెరుగుతుంది. సైజు 7 సెంటీమీటర్లు దాటిన కణితులు ముదిరిన దశలో ఉండే అవకాశం ఎక్కువ. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది, కణితి చుట్టూ ఉన్న సన్నటి కొవ్వు పొర. సీటీలో కొవ్వు నల్లగా, కణితి బూడిదరంగులో ఉంటాయి. ఆ నల్లటి గీత చెక్కుచెదరకుండా ఉంటే సర్జన్‌కు దారి ఉన్నట్టే. మొక్క వేళ్లు మట్టిలోకి దిగినట్టు బూడిద పోగులు కొవ్వులోకి దిగి ఉంటే, కణితి తన పొర దాటిందని అనుమానించాలి. తరవాత రక్తనాళాలు: నాళాలు స్పష్టంగా కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో, కణితి పెద్ద సిరను ఆనుకుని ఉందా, సగానికి పైగా చుట్టేసిందా, గోడను లోపలికి నొక్కేసి వంకర చేసిందా అని చూస్తారు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర డయాఫ్రం ఒకవైపు పైకి లేచి ఉంటే, దాన్ని ఆడించే ఫ్రెనిక్ నాడిని కణితి పట్టేసి ఉండవచ్చు. చివరగా ఊపిరితిత్తుల పొర మొత్తం, అడుగున డయాఫ్రం దగ్గరి మూలల దాకా వెతకాలి. థైమోమా రాలిపడేది అక్కడే. దూరంగా ఉన్న చిన్న బుడిపె ఒక్కటి దొరికినా దశ మారిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, థైమోమా రోగి ఎంతకాలం బతుకుతారన్నది ప్రధానంగా కణితిని మొత్తం తీయగలిగారా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. చిన్నది, పొర లోపలే ఉన్నది అయితే చిన్న రంధ్రాల ద్వారానో రోబో సాయంతోనో తీయొచ్చు. నాళాలను అల్లుకుని ఉంటే రొమ్ము ఎముక తెరవాలి, కొన్నిసార్లు సిరను కోసి కృత్రిమ గొట్టం కుట్టాలి. మొత్తం రాదనిపిస్తే బయాప్సీ చేసి, కీమోతో కుదించి, అప్పుడు కత్తి పట్టాలి. ఈ నిర్ణయం ఒక్కరిది కాకూడదు. సర్జన్, రేడియాలజిస్టు, ఆంకాలజిస్టు ఒకే తెర ముందు కూర్చోవాలి. రోగులు కూడా రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ సీడీని వెంట తీసుకెళ్లాలి.

సీటీ చూపించలేని ప్రమాదం ఒకటుంది. థైమోమా ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కండరాలు త్వరగా అలిసిపోయే మయస్థీనియా గ్రేవిస్ ఉంటుంది. మొదట్లో చెప్పిన కనురెప్ప వాలడం దాని లక్షణమే. అది కొందరిలో బయటికి తెలియనంత తక్కువగా ఉండి, ఆపరేషన్ తరవాత ఊపిరి కండరాలను దెబ్బతీస్తుంది. లక్షణాలు అడగడం, ఈ జబ్బును పట్టిచ్చే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూడటం మత్తు ఇవ్వకముందే జరగాలి.

సీటీ బొమ్మ నుంచి వందల కొలతలు తీసి, కణితి ఏ ప్రమాద వర్గమో కంప్యూటర్‌తో చెప్పించే రేడియోమిక్స్ అధ్యయనాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఆశ కలిగించే పనే. అయితే చాలావాటికి ఆధారం ఒకటి రెండు ఆసుపత్రుల పాత స్కాన్లు. యంత్రం మారినా, ఒంటిని పొరలు పొరలుగా చూపే స్కాన్ బొమ్మల్లో ఒక్కో పొర మందం మారినా, కాంట్రాస్ట్ ఇచ్చాక ఎన్ని సెకన్లకు తీశారన్నది మారినా కొలతలు మారిపోతాయి. ఇంకో చిక్కు: బి1, బి2 లాంటి పక్కపక్క రకాలను విడదీయడంలో పాథాలజిస్టులే ఒక్కోసారి ఏకీభవించరు. నేర్పే జవాబులే అటూ ఇటూ అయితే యంత్రం నేర్చుకున్నదానికీ హద్దు ఉంటుంది. ప్రస్తుతానికి ఇది రేడియాలజిస్టు కంటికి తోడుగా పనికొస్తుంది, ఆ కన్ను స్థానంలో నిలబడలేదు.

కణితిని శుభ్రంగా తీసేశాక కూడా థైమోమా ఏళ్ల తరవాత తిరిగి రావచ్చు, ఎక్కువగా ఊపిరితిత్తుల పొర మీదే. అందుకే పదేళ్ల దాకా స్కాన్లు కొనసాగించమంటారు. ప్రతి కొత్త స్కాన్‌నూ పాతవాటి పక్కన పెట్టి చూస్తేనే చిన్న మార్పు దొరుకుతుంది.