ప్రెసిడెంట్ సంతకం పెడితే అయిపోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం రాత్రి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఆఫీసుకి తాళం వేస్తుంటే ఫోన్ మోగింది. చెల్లెలి పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళిన క్లయింట్. అక్కడ ఇంకా తెల్లవారలేదు.

"మేడమ్, ఆదివారంలోపు అమెరికాలో దిగకపోతే లక్ష డాలర్లు కట్టాలంట కదా? గ్రూపులో అందరూ టికెట్లు కొనేస్తున్నారు. నన్నూ కొనేయమంటారా?"

హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద లక్ష డాలర్ల ఫీజు వేస్తూ ట్రంప్ ఆ రోజే సంతకం పెట్టిన ప్రొక్లమేషన్ (ప్రెసిడెంట్ అధికార ప్రకటన) రెండుసార్లు చదివాను. ఇప్పటికే హెచ్1బీ ఉండి ఊరెళ్ళినవాళ్ళ సంగతి అందులో తేటగా లేదు. "ఆగండి" అనే ధైర్యం చాలక కొనమన్నాను. మర్నాడు ఇమిగ్రేషన్ శాఖ మెమో వచ్చింది: ఇది 21వ తేదీ నుంచి వేసే కొత్త పిటిషన్లకే అని. అప్పటికి ఆయన విమానంలో ఉన్నాడు. చెల్లెలి పెళ్ళి వీడియో కాల్‌లో చూశాడు.

ఇమిగ్రేషన్ కేసులు చూసే లాయర్‌గా నాకు అప్పట్నుంచి ఒక అలవాటైంది. ఎవరు ఏ వార్త చెప్పినా ముందు అడిగేది, "బయటికొచ్చిన కాగితం ఏంటి?" అని. స్పీచా, ఆర్డరా, ప్రొక్లమేషనా, రూలా, చట్టమా? ప్రెసిడెంట్ బలమెంతో దాన్ని బట్టే తెలుస్తుంది.

అపోహ: ప్రెసిడెంట్ సంతకం పెట్టింది ఏదైనా చట్టమే.

వాస్తవం: చట్టం చేసేది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే ఉన్న చట్టాన్ని ఎలా అమలు చేయాలో తన శాఖలకు ప్రెసిడెంట్ ఇచ్చే ఆదేశం. మన జీవో లాంటిదనుకోండి. చట్టాన్ని దాటిన జీవోని హైకోర్టు కొట్టేస్తుంది, ఇక్కడా అంతే. ఇండియాలో పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు ఆర్డినెన్సు తెచ్చుకోవచ్చు. అమెరికా ప్రెసిడెంట్‌కి ఆ వెసులుబాటు కూడా లేదు.

1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా స్టీల్ మిల్లుల్లో సమ్మె జరగబోతోందని అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ ఆ మిల్లుల్నే స్వాధీనం చేసుకున్నాడు. యుద్ధం సాకు సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జూన్ 2న 6-3తో కొట్టేసింది. బైడెన్ తలపెట్టిన సుమారు 43,000 కోట్ల డాలర్ల స్టూడెంట్ లోన్ల మాఫీకీ 2023లో అదే గతి పట్టింది, అదే 6-3తో.

అపోహ: అయితే ప్రెసిడెంట్ పేరుకే. కోర్టులు అన్నీ ఆపేస్తాయి.

వాస్తవం: ఇలా అనుకునే మేం చాలామందిమి దెబ్బతిన్నాం. దేశంలోకి వచ్చే గుమ్మం దగ్గర మాత్రం ప్రెసిడెంట్ మాటకు చాలా బరువుంది. ఇమిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 212(ఎఫ్) అని ఒకటుంది. ఫలానా విదేశీయుల రాక దేశానికి నష్టమని తోస్తే ప్రెసిడెంట్ వాళ్ళ ప్రవేశాన్ని నిలిపేయొచ్చు. 2018లో ట్రంప్ ట్రావెల్ బ్యాన్‌ని సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది ఈ సెక్షన్ చూసే. 2020 జూన్‌లో కొత్త హెచ్1బీలను గుమ్మం బయట నిలబెట్టిందీ, 2025 నాటి లక్ష డాలర్ల ప్రొక్లమేషన్ ఆధారపడిందీ దీని మీదే.

తమాషా ఏంటంటే, ఆ ఇమిగ్రేషన్ చట్టం వద్దని వీటో చేసిన ప్రెసిడెంట్ కూడా ట్రూమనే. స్టీల్ కేసు ఓడిన నెల్లోనే, జూన్ 27న, కాంగ్రెస్ మూడింట రెండొంతుల ఓట్లతో ఆ వీటోని తోసేసి చట్టం చేసింది. ఒక ప్రెసిడెంట్ వద్దన్నా వినకుండా తర్వాతి ప్రెసిడెంట్లందరికీ తాళంచెవి ఇచ్చిందన్నమాట.

అపోహ: మనకు అనుకూలమైన ప్రెసిడెంట్ వస్తే గ్రీన్‌కార్డు క్యూ కదులుతుంది.

వాస్తవం: ప్రతి ఎన్నికల ముందూ నాకు వచ్చే ప్రశ్న ఇది. ఏడాదికి 1,40,000 ఎంప్లాయ్‌మెంట్ గ్రీన్‌కార్డులు, ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. ఇవన్నీ కాంగ్రెస్ చట్టంలో రాసిన అంకెలు. భార్యాపిల్లల్ని కూడా అందులోనే లెక్కేస్తారు. హెచ్1బీ 65,000, దాని మీద అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి 20,000, అదీ చట్టమే. ఓవల్ ఆఫీసులో ఎవరు కూర్చున్నా ఒక్క అంకె పెంచలేరు.

"మరి 2020 చివర్లో గ్రీన్‌కార్డు క్యూ డేట్లు ముందుకు దూకాయిగా?" అంటారు. కోవిడ్‌లో కాన్సులేట్లు మూతపడి ఫ్యామిలీ కోటాలో మిగిలిన నంబర్లు, చట్టం ప్రకారమే, మరుసటి ఏడాది ఎంప్లాయ్‌మెంట్ కోటాలోకి వచ్చాయి. అందులో ఎవరి దయా లేదు. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో హౌస్‌లో (దిగువ సభలో) 365-65తో గెలిచింది. ఎగువ సభ సెనేట్ 2020 డిసెంబర్‌లో వేరే రూపంలో పాస్ చేసింది. రెండూ ఒకటి కాకుండానే ఆ కాంగ్రెస్ గడువు తీరి, బిల్లు చచ్చిపోయింది.

అపోహ: హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్య లేదా భర్తకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) ఇవాళో రేపో తీసేస్తారు.

వాస్తవం: అది చట్టం కాదు, 2015లో ప్రభుత్వ శాఖ తెచ్చిన రూల్. రూల్ తీయాలంటే ఇంకో రూల్ రాయాలి. ప్రతిపాదన ప్రచురించాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి, వాటిని పరిశీలించి తుది రూల్ ఇవ్వాలి, ఆ తర్వాత కోర్టులో నిలవాలి. ట్రంప్ మొదటి నాలుగేళ్ళూ తీసేస్తామనే అన్నారు. 2019లో డ్రాఫ్ట్ వైట్‌హౌస్ పరిశీలన దాకా వెళ్ళింది, ప్రతిపాదనగా అచ్చవనేలేదు. 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం వచ్చాక వెనక్కి తీసుకున్నారు. తీయడం అసాధ్యమని నేననను. కానీ రాత్రికి రాత్రి జరిగే పని కాదు. ఈ టెన్షన్‌తో ఉద్యోగాలు మానేసినవాళ్ళు నాకు తెలుసు.

అపోహ: ప్రెసిడెంట్ క్షమాభిక్ష పెడితే ఏ కేసైనా పోతుంది.

వాస్తవం: ఫెడరల్ నేరాలకే. తాగి బండి నడిపిన కేసు రాష్ట్రానిది, వైట్‌హౌస్‌కి దాంతో సంబంధం లేదు.

అపోహ: ఇంపీచ్ చేస్తే పదవి పోయినట్టే.

వాస్తవం: ఇంపీచ్‌మెంట్ అంటే హౌస్ వేసే చార్జిషీటు. ఆండ్రూ జాన్సన్, క్లింటన్, ట్రంప్ రెండుసార్లు. సెనేట్‌లో మూడింట రెండొంతులు రాక ఒక్కరూ దిగలేదు. 1868లో జాన్సన్ బయటపడింది ఒక్క ఓటుతో.

అపోహ: షట్‌డౌన్ (బడ్జెట్ పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) వస్తే ప్రెసిడెంట్ ఏదో ఒక నిధి నుంచి ఆఫీసులు నడిపిస్తాడులే.

వాస్తవం: ఖజానా తాళం కాంగ్రెస్ దగ్గరుంది. 2025 అక్టోబర్ 1న షట్‌డౌన్ మొదలవగానే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏ (హెచ్1బీ పిటిషన్‌కి ముందు కంపెనీ ఆ శాఖ నుంచి తెచ్చుకోవాల్సిన ఆమోదం) పోర్టల్ ఆగిపోయింది. పిటిషన్లు తీసుకునే యూఎస్‌సీఐఎస్ ఎక్కువగా మన ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. కానీ ఎల్‌సీఏ లేకుండా హెచ్1బీ పిటిషన్ వేయలేం. దాదాపు నెల రోజులు ఫైళ్ళు టేబుల్ మీదే పేర్చుకుని కూర్చున్నాం. పోర్టల్ తెరుచుకున్నాక మొదట వేసింది ఆ హైదరాబాద్ క్లయింట్ ఎక్స్‌టెన్షన్‌దే. లక్ష డాలర్ల అవసరం లేకుండానే.