బొట్టు, ముగ్గు పెడితే తెలుగు యానిమేషన్ అవుతుందా? కొత్త యానిమేటర్ల అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో యానిమేషన్ చేస్తుంటాను. కొత్తగా ఉద్యోగానికి వచ్చేవాళ్ల షోరీల్స్ (తమ పని చూపించే చిన్న వీడియోలు) చూడటం కూడా నా పనిలో భాగమే. ఇప్పటి పిల్లలు ఆ వయసులో మేం చూసినదానికంటే చాలా ఎక్కువ చూసి వస్తున్నారు. జపాన్ సిరీస్‌లు, ఫ్రెంచ్ షార్ట్ ఫిల్ములు, కొరియన్ వెబ్‌టూన్లు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి మరి. "సార్, నాకు రకరకాల కల్చర్స్ అంటే ఇష్టం, వాటితో ఏదైనా చేయాలని ఉంది" అంటారు. మంచి కోరికే. కాకపోతే దాని చుట్టూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి. నాకు తరచుగా వినబడేవి రాస్తున్నాను.

అపోహ: బొట్టు, ముగ్గు, కలంకారీ అంచు పెట్టేస్తే మన కల్చర్ వచ్చేసినట్టే.

అదంతా డిజైన్ పని. యానిమేటర్ చేతిలో ఉండేది కదలిక. పాత్రకు పట్టుచీర కట్టి, నడక మాత్రం ఏ అమెరికన్ ట్యుటోరియల్‌లోనిదో పెడితే చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. ఎందుకో చెప్పలేరు, అంతే.

నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడిచే మనిషిని ఒకసారి జాగ్రత్తగా చూడండి. బిందె ఉన్న వైపు నడుము బయటికి వస్తుంది, పైభాగం రెండోవైపుకు వాలుతుంది, ఖాళీ చెయ్యి ఒంటికి దూరంగా ఊగుతుంది. బిందె నిండుగా ఉంటే అడుగులు చిన్నవవుతాయి, తల దాదాపు కదలదు. ఖాళీ బిందె అయితే ఇవేవీ ఉండవు. ఇక చీర కుచ్చిళ్ల సంగతి: అడుగు వేసేటప్పుడు ముందు మోకాలు గుడ్డను తోస్తుంది, పాదాల దగ్గర అంచు కొన్ని ఫ్రేములు (ఒక్కో ఫ్రేమ్ సెకనులో 24వ వంతు) ఆలస్యంగా కదులుతుంది. ఈ రెండూ సరిగ్గా పడితే, రంగులు వేయని రఫ్ బొమ్మ కూడా మన ఊరి మనిషిలాగే కనిపిస్తుంది.

పెద్దలకు దండం పెట్టే షాట్ ఇంకా మంచి పరీక్ష. యుగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్ కలిసి 1990ల మొదట్లో రామాయణాన్ని జపాన్ పద్ధతిలో యానిమేషన్ సినిమాగా తీశారు. ధోవతి ఎలా కడతారు, పిల్లలు పెద్దల దీవెనలు ఎలా తీసుకుంటారు లాంటి విషయాలు జపాన్ యానిమేటర్లకు మనవాళ్లే చూపించాల్సి వచ్చింది. ఎందుకంటే అది వాళ్లు రోజూ చూసే కదలిక కాదు. మనం రోజూ చూస్తాం, అయినా తప్పే చేస్తాం! కొత్తవాళ్ల షాట్‌లో మనవడు వంగుతాడు, ఆగుతాడు, ఆ తర్వాత తాతయ్య చెయ్యెత్తుతాడు. వంతులవారీగా. ఇళ్లలో అలా జరగదు. వీడు పూర్తిగా వంగకముందే ఆయన చెయ్యి లేస్తుంది, ఒక్కోసారి "చాల్లే, చాల్లే" అంటూ భుజం పట్టుకుని సగంలోనే ఆపేస్తారు. రెండు కదలికలూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ఆ ఇద్దరి మధ్య చనువు ఎంతో ఆ కొద్ది ఫ్రేముల్లోనే తెలిసిపోతుంది.

అపోహ: తోలుబొమ్మలాట స్టైల్ అంటే కటౌట్ రిగ్‌కి (ముక్కలు అతికించి కంప్యూటర్‌లో కదిపే బొమ్మకి) తోలు టెక్స్చర్ వేయడమే.

ఇది నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

మేకతోలును శుభ్రం చేసి, వెలుగు లోపలి నుంచి కనిపించేంత పలచగా తయారు చేస్తారు. గీతలు గీసి, రంగులు వేసి, నగలూ అంచులూ వచ్చే చోట ఉలితో సన్నటి చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే నగల మెరుపు. సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెల్ల చుక్కలుగా పెయింట్ చేస్తే ఆ మెరుపు రాదు. బొమ్మ లేయర్‌లో నిజంగానే చిల్లులు తీసి, వెనక వెలుగు లేయర్ పెట్టి, ఆ వెలుగు కొద్దిగా వణికేలా చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక కదలిక. భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి కీళ్ల దగ్గర ముక్కలను వదులుగా ముడి వేస్తారు. ఆడించేవాళ్ల చేతిలో ఉండే కర్రలు కొన్నే. చెయ్యిని కదిపితే మోచెయ్యి దాని వెనకే, తన దారిన తాను వస్తుంది. ఈ వెనకబాటే ఆ బొమ్మల అసలు అందం. మనవాళ్లు ప్రతి కీలుకూ కీ ఫ్రేములు (ముఖ్యమైన పోజులు) వేసి, మధ్య కదలికను నున్నగా చేసి ఆ అందాన్ని చంపేస్తారు. చేతి కొసకు మాత్రమే కీ ఫ్రేములు వేసి, మిగతాది వెనకబడనివ్వండి. ఇంకో సంగతి, నాట్యకత్తె బొమ్మకు కీళ్లు ఎక్కువ, గంభీరమైన పాత్రలకు అన్ని ఉండవు. ఎవరు ఎంత కదలాలో బొమ్మ తయారీలోనే నిర్ణయమైపోతుంది. దీన్ని రిగ్గింగ్ (బొమ్మకు కీళ్లు అమర్చే పని) పాఠంలా చదవొచ్చు.

బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా ఉంటుంది. వెనక్కి, దీపం వైపు లాగితే నీడ మసకబారి పెద్దదవుతుంది. అంటే కెమెరా లేకుండానే జూమ్, ఫోకస్ రెండూ ఉన్నాయన్నమాట. కథ మధ్యలో కేతిగాడు, బంగారక్క ఊడిపడి చేసే అల్లరి వేరే. వాళ్లు వచ్చేసరికి టైమింగ్ మొత్తం మారిపోతుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీలు చేసుకుని వెళ్లండి. బొమ్మను చేత్తో పట్టుకుని ఆడించి చూడండి, నెట్‌లో దొరికే ఫొటోలతో ఆ బరువు తెలియదు. వాళ్ల టైమ్ తీసుకుంటే డబ్బివ్వండి, మీ ఫిల్మ్‌లో పేరు వేయండి. "ఎక్స్‌పోజర్ వస్తుంది" అనే మాట వాళ్ల దగ్గర మాత్రం ఎత్తకండి.

అపోహ: బయటి ఆర్ట్ ఎక్కువగా చూస్తే మనది మర్చిపోతాం.

ఐర్లండ్ వాళ్ల విషయంలో దీనికి సరిగ్గా తిరగబడి జరిగింది. కిల్కెన్నీ అనే చిన్న ఊళ్లో ఉన్న కార్టూన్ సెలూన్ స్టూడియో 2009లో 'ద సీక్రెట్ ఆఫ్ కెల్స్' తీసింది. దాని ఆధారం సుమారు 1200 ఏళ్ల కిందటి చేతిరాత సువార్త గ్రంథం, ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. ఆ పుటల్లో దూరం, లోతు లాంటివి మనం కెమెరాతో చూసే లెక్కలో ఉండవు. అల్లికలు, చుట్లు, బల్లపరుపుగా పరిచిన బొమ్మలు ఉంటాయి. సినిమా కూడా అలాగే పెర్‌స్పెక్టివ్‌ను పక్కన పెట్టేసింది. దర్శకుల్లో ఒకరైన టామ్ మూర్ తమకు దారి చూపినవాటి గురించి చెబుతూ, పర్షియన్ సూక్ష్మచిత్రాల ఆధారంగా రిచర్డ్ విలియమ్స్ ఏళ్ల తరబడి చేసిన సినిమానూ, చైనా కథతో డిస్నీ తీసిన 'మూలాన్'నూ ప్రస్తావించారు. ఎవరో పర్షియా బొమ్మల్లోంచి కదలిక పుట్టించడం చూసి, వీళ్లకు ఇంట్లో ఉన్న పుస్తకం గుర్తొచ్చింది.

మనకూ చేర్యాల పటం ఉంది. ఎర్రటి నేపథ్యం, అడ్డపట్టీలుగా విడగొట్టిన ఘట్టాలు. కథ చెప్పేవాళ్లు చుట్టను విప్పుతూ ఒక్కో ఘట్టం చూపిస్తూ పోతారు. నిలువుగా సాగే ఆ పొడవాటి పటానికి ఫోన్ స్క్రీన్ అతికినట్టు సరిపోతుంది. స్టోరీబోర్డ్ మొత్తాన్ని నిలువుగా వేసి, కట్‌లు లేకుండా కిందికి జారుతూ కథ చెప్పే ప్రయత్నం ఎవరైనా చేస్తే చూడాలని ఉంది. ఈ ఐడియా ఫ్రీ, తీసుకోండి.

అపోహ: అనిమే (జపాన్ యానిమేషన్) అంటే పెద్ద కళ్లు, మొనదేలిన జుట్టు.

అసలు సంగతి టైమింగ్‌లో ఉంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, మూడు నిలిపితే 8. 1963లో ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్'ని టీవీకి తెచ్చినప్పుడు వారానికో ఎపిసోడ్, చాలీచాలని బడ్జెట్. అందుకే బొమ్మలు తగ్గించి, నిలిపిన పోజులు, కదిలే బ్యాక్‌గ్రౌండ్లు, నోరు మాత్రమే కదిలే క్లోజప్‌లతో నెట్టుకొచ్చారు. ఆ ఇబ్బందిలోంచి వచ్చిన లయనే తర్వాతివాళ్లు కళగా మలిచారు. మీకు అనిమే ఇష్టమైతే ఒక షాట్ తీసుకుని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడిపి, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలిచిందో పక్కన రాసుకోండి. కళ్లు కాపీ కొట్టడం కంటే అది బాగా పనికొస్తుంది.

అపోహ: వేరేవాళ్ల సంస్కృతిని అసలు ముట్టుకోకూడదు. లేదా, ఎవరిదైనా ఎలాగైనా వాడేసుకోవచ్చు.

రెండూ ఒకే నోటి నుంచి వింటుంటాను, మూడ్‌ను బట్టి. జర్మనీకి చెందిన లోటే రైనిగర్ 1926లో పూర్తి చేసిన నీడబొమ్మల సినిమా అరేబియన్ కథల మీదే నడుస్తుంది. ఇప్పటికీ మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే పాతది. ముట్టుకోకూడదనుకుంటే అది ఉండేదే కాదు. అలాగని అందులో అన్నీ ఒప్పుకోవాలని లేదు, కొన్ని పాత్రలను మలిచిన తీరు ఈరోజు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది.

రెండోవైపు, 2016లో 'మోఆనా' సమయంలో డిస్నీ పసిఫిక్ దీవుల నిపుణులను సలహాదారులుగా పెట్టుకుంది. అయినా ఆ సినిమాలోని 'మౌయి' అనే పాత్ర పచ్చబొట్లున్న గోధుమరంగు ఒంటితొడుగును పిల్లల డ్రెస్సుగా అమ్మకానికి పెట్టి తిట్లు తిని వెనక్కి తీసుకుంది. అంతకుముందు 2013లో మెక్సికో వాళ్ల పితృదేవతల పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయి గొడవైతే విరమించుకుంది. ఆ నిర్ణయాన్ని కార్టూన్‌తో ఎండగట్టిన లాలో అల్కరాజ్‌ను తర్వాత అదే పండుగ మీద తీసిన సినిమాకు సలహాదారుగా తీసుకున్నారు.

మీ స్థాయిలో అంత హంగామా అక్కర్లేదు. నాగా, గోండు, మావొరీ, ఏదైనా కానివ్వండి, ఒక గుర్తు వాడబోతుంటే దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పెట్టుకుంటారో తెలుసుకోండి. యానిమాటిక్ (స్టోరీబోర్డ్ బొమ్మలతో చేసే కచ్చా వీడియో) దశలోనే ఆ సమాజానికి చెందిన ఒక మనిషికి చూపించండి. ఫైనల్ రెండర్ అయ్యాక చూపిస్తే వాళ్లేం చెప్పినా మీరు మార్చరు.

అపోహ: పెద్ద సిస్టమ్, ఖరీదైన సాఫ్ట్‌వేర్, లక్షల ఫీజు లేకపోతే మొదలుపెట్టలేం.

2025లో ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేసింది. బ్లెండర్ ఉచితం. 2డికి క్రిటా, ఓపెన్‌టూన్జ్ కూడా ఉచితమే. కోర్సులో చేరాలనుకుంటే చేరండి. చేరేముందు మాత్రం "100 శాతం ప్లేస్‌మెంట్" బోర్డు వదిలేసి, అక్కడ పాఠం చెప్పేవాళ్ల షాట్లు చూపించమనండి. పోయినేడాది బయటికి వచ్చిన పిల్లల రీల్స్ కూడా అడగండి. తడబడితే ఇంటికి వచ్చేయండి.

అపోహ: 3డికి డ్రాయింగ్ అక్కర్లేదు.

అందంగా గీయక్కర్లేదు. పోజు ఆలోచించడానికి మాత్రం గీయాలి, పుల్లల బొమ్మలైనా సరే. బస్టాండ్‌లో కూర్చుని గీయండి, అక్కడ ఉన్నన్ని రకాల నిలబడే తీరులు ఏ రిఫరెన్స్ సైట్‌లోనూ దొరకవు.

అపోహ: స్టూడియోలో చేరగానే నా కల్చర్, నా కథ తెరమీదికి వస్తాయి.

ఇక్కడ ముందే తెలుసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. మన నగరాల్లో చాలా స్టూడియోలకు తిండి పెట్టేది విదేశీ సిరీస్‌ల పని. పాత్ర ఎలా నిలబడాలో, ఎలా నవ్వాలో మోడల్ షీట్‌లో (పాత్ర నమూనా బొమ్మల కాగితంలో) ముందే నిర్ణయమై వస్తుంది. రోజుకు ఇన్ని సెకన్లు అని కోటా ఉంటుంది. మీ చేర్యాల ఎరుపు అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆ పని చిన్నదేం కాదు, క్రమశిక్షణ వచ్చేది అక్కడే. కానీ మీ సొంత పని కోసం టైమ్ వేరేగా తీసుకోవాలి. ముప్పై సెకన్ల ఫిల్మ్ చాలు. పది నిమిషాల ఇతిహాసం మొదలుపెట్టి టీజర్ దగ్గరే ఆగిపోయినవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

రీల్ విషయానికొస్తే ఒక నిమిషం దాటనివ్వకండి. బాగా వచ్చిన షాట్ ముందు పెట్టండి, సందేహం ఉన్నది తీసేయండి. గ్రూప్ ప్రాజెక్ట్ అయితే మీరు చేసిందేదో రాయండి. అందరి రీల్‌లోనూ అదే ఉచిత రిగ్, అదే పెట్టె ఎత్తే షాట్ ఉంటాయి. రోజంతా అవే చూసినప్పుడు, ఇరానీ హోటల్లో చాయ్‌ని సాసర్‌లో పోసుకుని, ఊది, జుర్రుకునే ముసలాయన షాట్ ఒకటి వస్తే ఆపి మళ్లీ చూస్తాం. సాసర్ ఒలకకుండా మణికట్టు ఎలా నిలబడింది, పెదవులు ముందుకొచ్చేటప్పుడు మెడ ఎంత సాగింది అని చూస్తాం. పెట్టె ఎత్తే షాట్‌లో మీకు నేర్పాలనుకున్న బరువు, బ్యాలెన్స్ అన్నీ అందులోనే ఉంటాయి.