పర్లాకిమిడి నుంచి తాతయ్య ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు,

ఆశీస్సులు. బరంపురం పెళ్ళిలో కలిసినప్పుడు, ప్లస్ టూ జీవశాస్త్రంలో ఫలదీకరణ పాఠాన్ని ఇంట్లో చదువుకోమని మాస్టారు దాటవేశారని మీరు చెప్పారు. ఆ పాఠంలో అసలు రుచి ఎంజైములదే, అంటే శరీరంలో రసాయన చర్యలను వేగంగా నడిపించే పదార్థాలదే కనుక వాటి గురించే రాస్తున్నాను.

పచ్చి బొప్పాయి ముక్క వేస్తే ముదురు మాంసం మెత్తబడడం అమ్మమ్మ వంటింట్లో చూశారు కదా. ఆ కాయ పాలలోని ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడవుండే శుక్రకణం కూడా అటువంటి ఎంజైములనే తలమీద ఆక్రోసోమ్ అనే సంచిలో మూటగట్టుకొని బయలుదేరుతుంది. అంతకంటే ముందు, మొదట గడ్డకట్టే వీర్యాన్ని అరగంటలోపు పలుచన చేసి శుక్రకణాలకు దారి విడిచేది మరో ఎంజైము. నా వయసు మగవాళ్ళకు ప్రోస్టేటు పరీక్ష పేరిట రక్తంలో కొలిచే పీఎస్‌ఏ అదే.

సంచి వేళకు ముందే విప్పుకుంటే మూట వృథా. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపి పక్వమైతేనే శుక్రకణానికి అండంలో ప్రవేశించే శక్తి వస్తుందని 1951లో ఆస్టిన్, చాంగ్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా కనుగొన్నారు. అండం చుట్టూ ఉన్న కణాల జిగురును హయలురోనిడేజ్ అనే ఎంజైము కరిగిస్తుంది; ఆ కణాలకు లోపల అండాన్ని కప్పి ఉండే జోనా పెల్లూసిడా పొరను మూటలోని ఆక్రోసిన్ అనే ఎంజైము తొలుస్తుందని నేను ఏళ్ళ తరబడి పిల్లలకు ఢంకా బజాయించి చెప్పాను. తీరా 1994లో జపాన్ శాస్త్రవేత్తలు ఆక్రోసిన్ లేని మగ ఎలుకలను పుట్టిస్తే వాటికీ సంతానం కలిగింది. 2020లో అదే ఎంజైము లేని మగ హామ్‌స్టర్లకు మాత్రం కలగలేదు, వాటి శుక్రకణాలు ఆ పొర దాటలేకపోయాయి. ఒక జంతువులో చూసినది మరో జంతువుకు అలాగే వర్తిస్తుందనుకోకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది.

లోపలికి చేరిన శుక్రకణం పీఎల్‌సీ జీటా అనే ఎంజైముతో అండంలో కాల్షియం అలలు లేపి దానిని మేల్కొల్పుతుంది. అండమూ ఊరకే కూర్చోదు. వెంటనే ఒవాస్టాసిన్ అనే తన ఎంజైమును వదిలి, రెండో శుక్రకణం అతుక్కోకుండా పొరను మార్చివేస్తుంది.

కొందరిలో ఆక్రోసోమ్ లేని గుండ్రటి తల శుక్రకణాలే తయారవుతాయి. లెక్కకు ఎన్ని ఉన్నా అవి తమంతట అండంలోకి పోలేవు. మన వీధుల్లో పిల్లలు కలగని ఇంటి కోడలినే గొడ్రాలనడం నేను చిన్ననాటి నుంచి వింటున్నాను, భర్తకు వీర్య పరీక్ష చేయించిన ఇళ్ళు మాత్రం అరుదుగా కనిపించాయి. ఆ పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ, సూది పోటు కూడా ఉండదు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ పాఠ్యపుస్తకం తెచ్చుకోండి, బొమ్మ గీసి చూపిస్తాను.

మీ తాతయ్య