తోడేళ్ళ మీద మీరు రాసే ఉత్తరం ఓటు కాదు (అపోహలు - వాస్తవాలు)

మెక్సికన్ తోడేళ్ళ మీద ప్రజాభిప్రాయం అడుగుతూ అమెరికా ప్రభుత్వ ప్రకటన వచ్చిందంటే చాలు, ఆరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లోని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్ తిరుగుతుంది. "పేరు కొట్టి సెండ్ నొక్కండి, ఎంతమంది నొక్కితే అంత బలం." గంటలో నలభై మంది నొక్కేస్తారు. మంచి మనసుతోనే నొక్కుతారు, అందులో నాకు అనుమానం లేదు. నా తోడికోడలు కూడా నొక్కింది.

ఆ ఉత్తరాలు చదవడమే నా ఉద్యోగం. ఆరిజోనా, న్యూ మెక్సికో అడవుల్లో తోడేళ్ళను తిరిగి వదిలే కార్యక్రమం మీద సమీక్ష జరిగినా, నియమం మార్చినా, జనం పంపిన కామెంట్లను చదివి, అంశాలవారీగా విడదీసి, జవాబు రాయాల్సినవాళ్ళ ముందు పెట్టే జట్టులో ఉన్నాను. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి.

అపోహ: ఎవరి ఉత్తరాలు ఎక్కువుంటే వాళ్ళదే గెలుపు

కాదు. ఇది ఎన్నిక కాదు. ఇక్కడ పెట్టెలు విప్పి ఓట్లు లెక్కపెట్టేవాళ్ళు లేరు.

ఒకే అచ్చు ఉత్తరం ఇరవై వేలమంది పంపారనుకోండి. సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ ఒక కట్ట కడుతుంది. ఎంతమంది పంపారో రాసిపెడతాం, ఏదీ పారెయ్యం. కానీ జవాబు చెప్పాల్సిన పాయింటు ఒక్కటే ఉంటుంది. ఆ కట్టలో ఎవరైనా తమ సొంత మాటలు రెండు చేర్చారేమో అని వెతుకుతాం. చేర్చినవాళ్ళ ఆ రెండు వాక్యాలు పక్కకు తీసి విడిగా చదువుతాం. "తోడేళ్ళంటే నాకు ప్రాణం", "తోడేళ్ళు మాకొద్దు" అన్నవి రెండూ అభిప్రాయాలే. వాటిని గౌరవిస్తాం, నమోదు చేస్తాం. అయితే ప్రణాళికలో ఏ పేజీ మార్చాలో ఆ మాటలు చెప్పవు.

మరి ఏది మారుస్తుంది? 2015 నియమంలో తోడేళ్ళ సంఖ్యకు లక్ష్యం 300 నుంచి 325 అని పెట్టారు. ఆ అంకెకు ఆధారంగా చూపించిన పరిశోధన చేసినవాళ్ళే, నియమం ఇంకా తయారవుతుండగానే, "మా పరిశోధనను మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు" అని రాశారు. రాసింది కొద్దిమంది. 2018లో ఆరిజోనాలోని ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని తిప్పిపంపినప్పుడు ఆ హెచ్చరికను పట్టించుకోలేదని ఎత్తిచూపింది. ఇవాళ బతికున్న మెక్సికన్ తోడేళ్ళన్నీ ఏడంటే ఏడు తోడేళ్ళ సంతతి. కాబట్టి ఎన్ని ఉన్నాయన్నదే కాదు, వాటి జన్యువుల్లో ఎంత వైవిధ్యం మిగిలిందన్నదీ చూడాలి. 2022లో వచ్చిన సవరణలో 300-325 అన్న పాత పరిమితి ఎత్తేసి, జన్యు వైవిధ్యానికంటూ ఒక లక్ష్యం పెట్టారు. లక్ష సంతకాలు తేలేని మార్పు అది. ఎందుకంటే కోర్టు చూసేది ప్రభుత్వం ముందున్న కాగితాల రికార్డునే. గడువులోగా కాగితం మీద పెట్టని మాట ఎంత నిజమైనా రికార్డులో ఉండదు.

ఈ అపోహ వల్ల ఎక్కువ నష్టపోయేది సంతకాలు పెట్టేవాళ్ళు కాదు. అసలు రాయకుండా ఊరుకునేవాళ్ళు.

న్యూ మెక్సికోలోని గీలా అడవి అంచున ఒక చిన్న ఊళ్ళో సభ జరిగింది. ఒకావిడ చివరి వరసలో కూర్చుంది, మైకు దగ్గరికి రాలేదు. అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతుంటే దగ్గరికొచ్చి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. ఏ ఆవు ఏ రోజు ఈనింది, ఏ దూడ ఏ రోజు నుంచి కనపడలేదు, కళేబరం దొరికితే ఎన్నో రోజున, ఏ వాగులో దొరికింది, అప్పటికి దాని మీద ఏం మిగిలింది. పదకొండేళ్ళ లెక్క పెన్సిల్‌తో రాసుకుంది.

దాని విలువ ఆవిడకు తెలియదు. తోడేలు చంపిందని తేల్చాలంటే అధికారి వచ్చి చర్మం ఒలిచి చూడాలి. ప్రాణముండగా కరిస్తే చర్మం కింద రక్తం గడ్డకట్టి ఉంటుంది, చచ్చాక పీక్కుతింటే ఉండదు. కోరల గాట్ల మధ్య దూరం కొలుస్తారు. నష్టం రుజువైతే ఫెడరల్ పథకం కింద పరిహారం వస్తుంది. ఆ కొండల్లో కళేబరం దొరికేసరికే చర్మం మిగలకపోతే? ఆ ప్రశ్నకు ఆవిడ పుస్తకంలో తేదీలతో సహా సమాధానం ఉంది. ప్రణాళికలో అలాంటి లెక్క ఒక్కటీ లేదు.

"ఇది రాసి పంపండి" అన్నాను. ఏం రాయాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. ఎలా పంపాలో మాత్రం చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మేం ఈ లోయలో నాలుగిళ్ళవాళ్ళం. వాళ్ళు లక్షమంది. ఎవరు చూస్తారు?"

గడువు ముగిశాక వచ్చినవన్నీ వెతికాను. ఆవిడ ఉత్తరం లేదు. ఆ పుస్తకంలో ఉన్నది రికార్డులోకి రానేలేదు.

ఆ రోజు నాకు మా అనంతపురం ఊరు గుర్తొచ్చింది. వేసవిలో ఎరువు కోసం మా చేన్లో గొర్రెల మంద నిలిపేవాళ్ళు. ఒక తెల్లారి మందాయన మా నాన్న దగ్గరికొచ్చి, రాత్రి తోడేలు రెండు పిల్లల్ని ఎత్తుకుపోయిందని చెప్పి, "ఎవరికి చెప్పాల సామీ?" అన్నాడు. మా నాన్న దగ్గర సమాధానం లేదు. ఇక్కడ చెప్పడానికంటూ ఒక చోటుంది, అడిగేవాళ్ళున్నారు. అయినా ఆవిడ చెప్పకుండా వెళ్ళిపోయింది. నాకు అందుకే కోపం, ఆవిడ మీద కాదు, "సంఖ్యే బలం" అని ప్రచారం చేసేవాళ్ళ మీద.

అపోహ: అంతా ముందే తేల్చేశారు, మనల్ని అడగడం నాటకం

నాటకం కాదు కానీ చాలా నెమ్మది. 1998 మార్చిలో మొదటి 11 తోడేళ్ళను వదిలినప్పుడు గీసిన సరిహద్దు దాటి స్థిరపడితే పట్టి వెనక్కి తేవాలన్నది రూలు. తోడేలుకు మ్యాపు తెలియదు. 2001లో మూడేళ్ళ సమీక్ష చేసిన శాస్త్రవేత్తలు దీన్ని మార్చమన్నారు. మారింది 2015లో. పద్నాలుగేళ్ళు. విసిగిపోయినవాళ్ళను నేను తప్పుపట్టను.

అపోహ: ఇవి కెనడా నుంచి తెచ్చిన రాక్షస తోడేళ్ళు, పిల్లల్ని ఎత్తుకుపోతాయి

కెనడా నుంచి వచ్చినవి 1995, 1996ల్లో ఎల్లోస్టోన్‌లో వదిలినవి. ఇవి వేరు. ఇవి బందీగా పెంచిన జంతువుల సంతానం, బరువు సుమారు 22 నుంచి 36 కిలోలు. 1998 నుంచి ఇవి మనిషి మీద దాడి చేసినట్టు నమోదు లేదు. స్కూలు బస్సు స్టాపుల దగ్గర పిల్లల కోసం చెక్క బోనులు కట్టించిన ఊరు ఒకటుంది. ఆ తల్లుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. భయపడేవాళ్ళకు ఫార్వర్డులు పంపేవాళ్ళను మాత్రం క్షమించలేను.

అపోహ: మనం సిటిజన్లం కాదు, రాయకూడదు

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రాయొచ్చు. సంబంధం, ఆసక్తి ఉన్న ఎవరైనా రాయొచ్చని, ప్రభుత్వం నియమాలు ఎలా చెయ్యాలో చెప్పే 1946 నాటి చట్టమే చెబుతోంది, పౌరసత్వం అడగదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. మీరు రాసింది యథాతథంగా అందరికీ కనపడొచ్చు. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉత్తరంలో పెట్టకండి.

ఇంతా విన్నాక మా తోడికోడలు ఆ అచ్చు ఉత్తరం సంగతి వదిలేసి, రెండోసారి సొంతంగా రాసింది. వాళ్ళు ఏటా ఆరిజోనాలోని వైట్ మౌంటెన్స్ కొండల్లో క్యాంపింగ్‌కి కుక్కను తీసుకుని వెళ్తారు. "తోడేళ్ళు పిల్లలు పెట్టిన గుహ దగ్గర్లో ఉంటే క్యాంపుకు వచ్చినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? కుక్క గొలుసు విప్పకూడదని బోర్డు పెడతారా, ఎక్కడ పెడతారు?" అని అడిగింది. నాలుగు లైన్లు, అంతే. ఇంటి మనిషిది కాబట్టి నేను ముట్టుకోలేదు, నా సహోద్యోగి చదివి దాన్ని విడి అంశంగా రాసింది. దానికి జవాబు రాయాల్సిందే.