తీగను వదిలిన మాట: ఇంటర్నెట్ ఫోన్, వ్యాపార సంస్థలు

ఫోనులో మాట్లాడుకునే ఇద్దరిలో సాధారణంగా ఒక సమయంలో ఒకరే మాట్లాడతారు, రెండవవారు వింటారు. ఊపిరి తీసుకునే విరామాలను, జవాబు కోసం తడుముకునే క్షణాలను, కాగితాలు తిరగేసి లెక్క చూసి చెప్పేదాకా సాగే నిశ్శబ్దాలను కూడా కలుపుకుంటే, ఏ ఒక్క దిశలో చూసినా సంభాషణలో సగానికి పైగా కాలం మాట ప్రయాణించదు. అయినా పాత టెలిఫోన్ వ్యవస్థ, కాల్ కలిసిన క్షణం నుంచి ఫోన్ పెట్టేసే క్షణం దాకా, ఎక్స్ఛేంజీల గుండా ఒక దారిని పూర్తిగా ఆ ఇద్దరికే కేటాయించి ఉంచేది. ఆ పద్ధతినే సర్క్యూట్ స్విచింగ్ అంటారు. దూరాన్ని బట్టి, నిమిషాలను బట్టి బిల్లు పెరగడానికి మూలం ఇక్కడే ఉంది: వినియోగదారుడు డబ్బు చెల్లించింది మాటకు కాదు, తన కోసం ఖాళీగా అట్టిపెట్టిన దారికి. ఈ వృథాను ఇంజనీర్లు గమనించకపోలేదు. అట్లాంటిక్ సముద్రగర్భ కేబుల్‌లో ఒక్కొక్క దారి ఎంతో విలువైనది కనుక, ఒకరి నిశ్శబ్దంలో మరొకరి మాటను పంపే యంత్రాలను 1960లోనే అక్కడ అమర్చారు. కాని మామూలు కాల్స్‌కు అంత ఖరీదైన ఏర్పాటు గిట్టుబాటు కాలేదు.

ఇంటర్నెట్ ఫోన్, అంటే ఇంటర్నెట్ గుండా మాటను పంపే పద్ధతి, సాధించిన ప్రధానమైన పని, మాటను ఆ దారి నుంచి విడదీయడం. చౌకదనం ఆ పని వల్ల కలిగిన అనేక ఫలితాలలో ఒకటి మాత్రమే. వ్యాపార సంస్థలు దీనిని బిల్లు తగ్గించే సాధనంగా మాత్రమే చూడడం వల్ల దానిలోని అసలు ప్రయోజనాన్ని వదులుకుంటున్నాయని నా అభిప్రాయం.

మాటను అంకెలుగా మార్చడం ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లోనే ఆ ఆలోచన చేశారు. 1962లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ వ్యవస్థ దానిని వాడుకలోకి తెచ్చింది. ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లతో, అంటే ఎనిమిది సున్నా–ఒకట్లతో, రాస్తే, ఒక దిశలో మాటకు సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. దశాబ్దాలపాటు టెలిఫోన్ ప్రపంచానికి ఈ 64 కిలోబిట్లే మూల కొలమానం. అదే కాలంలో, 1960లలో, అమెరికాలో పాల్ బరాన్, బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా మరొక ఆలోచనకు వచ్చారు. సమాచారాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మీద చిరునామా రాసి, అందరూ పంచుకునే దారుల్లోకి వదిలితే సరిపోతుంది, ఎవరికీ ప్రత్యేకంగా దారి కేటాయించనక్కరలేదు అన్నదే ఆ ఆలోచన. ఆ ముక్కలకు ప్యాకెట్లు అని పేరు పెట్టినవారు డేవిస్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ 1969లో మొదలై, ఈ పద్ధతి మీదనే నడిచింది.

అర్పానెట్‌లో ప్రధాన లైన్ల వేగం సెకనుకు 50 కిలోబిట్లు మాత్రమే. అంటే ఒక్క టెలిఫోన్ సంభాషణకు కావలసిన 64 కిలోబిట్లు కూడా ఆ లైనులో పట్టవు. అయినప్పటికీ 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త డానీ కోహెన్, ఆయన సహచరులు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధన సంస్థకూ, ఎంఐటీ లింకన్ ప్రయోగశాలకూ మధ్య మాటను ప్యాకెట్లుగా పంపి చూపించారు. మాటను కుదించగలిగారు కాబట్టే అది సాధ్యమైంది. అలా కుదించే పద్ధతులలో ముఖ్యమైన ఒకదానికి ఆధారం ఇది: మన గొంతు, నోరు, నాలుక కలిసి చేసే ధ్వని ఒక నియమాన్ని అనుసరిస్తుంది. గడిచిన కొద్ది కొలతలను బట్టి రాబోయే కొలతను చాలావరకు ఊహించవచ్చు. కాబట్టి తరంగాన్ని మొత్తంగా పంపకుండా, దానిని తిరిగి తయారు చేసుకోవడానికి కావలసిన వివరాలు పంపితే చాలు. లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్ అనే ఈ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో, భారతదేశంలో పుట్టి బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన బిష్ణు అటల్ ముఖ్యులు. ఈనాడు మొబైల్ ఫోన్లలో వినిపించే ప్రతి గొంతు వెనుక ఆ పరిశోధనకు వారసత్వం ఉంది.

మాటకు ఒక ప్రత్యేకమైన స్వభావం ఉంది. పత్రం పంపేటప్పుడు ఒక్క అక్షరం తప్పిపోయినా దానిని మళ్ళీ అడిగి తెప్పించుకోవాలి, ఆలస్యమైనా ఫరవాలేదు. మాట విషయంలో ఇది తలకిందులవుతుంది. తప్పిపోయిన ముక్కను మళ్ళీ తెప్పించుకునే లోపల సంభాషణ ముందుకు సాగిపోతుంది, కాబట్టి ఆ ముక్కను వదిలేయడమే మేలు. అందుకే ఇంటర్నెట్ ఫోన్లు ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో నిర్ధారించుకునే టీసీపీని సాధారణంగా పక్కన పెట్టి, పంపి ఊరుకునే యూడీపీని వాడతాయి. ప్రతి ప్యాకెట్ మీద వరుస సంఖ్యను, కాలాన్ని ఆర్టీపీ అనే నియమావళి ప్రకారం ముద్ర వేస్తారు. సాధారణంగా ఒక ప్యాకెట్‌లో 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. కుదించని మాట అయితే అది 160 బైట్లు (ఒక బైటు అంటే 8 బిట్లు), చిరునామా మొదలైన వివరాలకు మరో 40 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్ల లెక్కన 80 కిలోబిట్లు అవుతుంది. ఒకటి రెండు శాతం ప్యాకెట్లు పోయినా, ముందు వెనుకల ధ్వనిని బట్టి యంత్రం ఆ ఖాళీని పూడ్చగలదు. వినేవారు తరచుగా గుర్తించరు కూడా.

ఆలస్యాన్ని మాత్రం సంభాషణ అంత తేలికగా క్షమించదు. నోటి నుంచి చెవికి మాట 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతోంది. అది మించే కొద్దీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆగిపోవడం పెరుగుతుంది. ఈ 150 మిల్లీసెకన్లను ఒక ఇంటి ఖర్చు పద్దులాగా చూసుకోవాలి. ప్యాకెట్ నింపడానికి 20 పోతాయి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక, 10,000 కిలోమీటర్ల దూరానికి 50 పోతాయి. ప్యాకెట్లు ఒకే లయలో రావు. ఒకటి తొందరగా, మరొకటి నెమ్మదిగా వస్తుంది. ఈ ఎగుడుదిగుడునే జిట్టర్ అంటారు. దానిని సరిచేయడానికి వచ్చినవాటిని కాసేపు ఆపి, వరుసలో పెట్టి వినిపించే చిన్న నిల్వ ఒకటి ఉంటుంది. దానికి మరికొన్ని పదుల మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం గుండా వెళితే పైకీ కిందికీ ప్రయాణానికే 240 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఆ పద్దు మొదటి అంశంతోనే దాటిపోతుంది.

సామాన్య ప్రజలు ఈ సాంకేతికతను చూసింది 1995లో, ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసినప్పుడు. 2003లో స్కైప్ వచ్చింది. 2005లో ఈబే, 2011లో మైక్రోసాఫ్ట్ దానిని కొన్నాయి. 2025లో అది మూతపడింది. అప్పటికే వాట్సాప్ వంటివి ఈ అలవాటును కోట్లాది చేతుల్లోకి చేర్చాయి. వ్యాపార సంస్థలకు సంబంధించినంతవరకు వీటన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1999 అని నేను భావిస్తాను. ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి.

మొదటిది, సిప్ అనే నియమావళి ప్రమాణంగా వెలువడడం. కాల్ మొదలుపెట్టడం, మోగించడం, కలపడం, ముగించడం అనే పనులను మాటను మోసే పని నుంచి సిప్ విడదీసింది. వెబ్‌కు మూలమైన హెచ్‌టీటీపీ తరహాలో, మనిషి చదివితే అర్థమయ్యే సందేశాలతో అది నడుస్తుంది. వెబ్ పేజీ దొరకనప్పుడు కనిపించే 404 అనే సంఖ్యే, పిలిచిన వ్యక్తి ఆ చిరునామాలో లేనప్పుడు సిప్‌లోనూ వస్తుంది. వెబ్‌సైట్లు తయారు చేయడం తెలిసినవారికి టెలిఫోన్ వ్యవస్థ ఒక్కసారిగా పరిచితమైన వస్తువుగా మారింది. రెండవది, అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న కంపెనీకి పీబీఎక్స్, అంటే కార్యాలయం లోపలి ఎక్స్ఛేంజీ, కొనగలిగే స్థోమత లేక తానే సాఫ్ట్‌వేర్‌గా రాసుకుని, ఆస్టరిస్క్ అనే పేరుతో అందరికీ ఉచితంగా ఇవ్వడం. అప్పటిదాకా పీబీఎక్స్ అంటే గోడకు బిగించిన పెద్ద పెట్టె, ఒక కంపెనీకే తెలిసిన రహస్య యంత్రం. ఒక ఉద్యోగి గది మారితే తీగలు విప్పి మళ్ళీ కలపడానికి మెకానిక్ రావలసిందే. ఆ తరువాత అది మామూలు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం అయింది.

వ్యాపారానికి కలిగిన లాభాన్ని సరిగా కొలవాలంటే ఇంకా వెనక్కి, డెన్మార్క్‌కు వెళ్ళాలి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్, ఎన్ని కాల్స్‌కు ఎన్ని లైన్లు ఉండాలో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రచురించారు. ఒక లైను ఒక గంటసేపు పూర్తిగా నిండి ఉంటే ఆ రద్దీని ఒక ఎర్లాంగ్ అంటారు. ఒక శాఖలో అత్యంత రద్దీగా ఉండే గంటలో మూడేసి నిమిషాల కాల్స్ వంద వస్తాయనుకుందాం. అంటే 5 ఎర్లాంగ్‌లు. నూటికి ఒకరికి మించి ఎంగేజ్ టోన్ వినిపించకూడదనుకుంటే, ఎర్లాంగ్ సూత్రం ప్రకారం ఆ శాఖకు 11 లైన్లు కావాలి. అలాంటి శాఖలు పది ఉంటే, ఎవరి లైన్లు వారివే అయిన పాత ఏర్పాటులో 110 లైన్లు అద్దెకు తీసుకోవాలి. ఇంటర్నెట్ ఫోన్ ద్వారా ఆ పది శాఖల రద్దీనీ ఒకే రాశిగా కలిపితే 50 ఎర్లాంగ్‌లు అవుతుంది. దానికి 64 లైన్లు చాలు. ఒక శాఖలో రద్దీ పెరిగిన నిమిషంలో మరొక శాఖలో తగ్గడమే ఈ పొదుపుకు కారణం. ఏ కంపెనీ ఇచ్చే రాయితీతోనూ దీనికి సంబంధం లేదు. ఇది సంభావ్యతా గణితం ఇచ్చే లాభం. పైగా 64 కాల్స్ కలిసి, కుదించని మాటకు కూడా, ఒక్కొక్క దిశలో సెకనుకు సుమారు 5 మెగాబిట్లు మాత్రమే అవుతాయి. పండుగ రోజుల్లో రద్దీ పెరిగితే కొత్త తీగ వేయనక్కరలేకుండా ఛానెళ్ళ సంఖ్య, అంటే ఒకేసారి సాగగల కాల్స్ సంఖ్య, పెంచుకుని, తరువాత తగ్గించుకోవచ్చు.

నంబరు చోటును వదిలిపెట్టడం మరొక లాభం. పాత వ్యవస్థలో నంబరు అంటే ఒక తీగకు చివరి కొస. సిప్ ఫోన్ ఎక్కడ ఉన్నా, ఇంటర్నెట్‌కు కలిసిన వెంటనే సర్వర్‌కు తానెక్కడున్నదీ చెప్పి నమోదు చేసుకుంటుంది. ఆ నంబరుకు వచ్చే కాల్ అక్కడికే చేరుతుంది. ఉద్యోగి బల్ల మీది ఫోన్, ల్యాప్‌టాప్, మొబైల్ ఒకే నంబరుతో కలిసి మోగగలవు. కార్యాలయంలో నీరు చేరినా, కరెంటు పోయినా, అదే నంబర్లతో మరొక చోట నుంచి పని సాగించవచ్చు. కాల్ వచ్చినప్పుడే ఆ వినియోగదారుని పాత ఆర్డర్లు తెర మీద కనిపించేలా చేయడం, తెలుగులో మాట్లాడగలిగినవారికి ఆ కాల్‌ను పంపడం, ఎన్ని కాల్స్ ఎంతసేపు వేచి ఉన్నాయో లెక్కగట్టడం, ఇవన్నీ ఇప్పుడు ప్రోగ్రాంలో కొన్ని వరుసలు. చిన్న సంస్థకూ పెద్ద సంస్థకూ ఈ సాధనాలు సమానంగా అందడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

గొంతు స్పష్టతను గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. పాత టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనిని మాత్రమే పంపేది. స, ఫ వంటి ధ్వనుల శక్తి చాలావరకు ఆ హద్దుకు పైన ఉంటుంది కనుక, పేర్లను అక్షరం అక్షరం విడదీసి చెప్పవలసి వచ్చేది. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ వంటి కోడెక్‌లు, అంటే ధ్వనిని కుదించి తిరిగి విప్పే పద్ధతులు, నెట్‌వర్క్ బాగుంటే మనిషి వినగలిగే ధ్వని మొత్తాన్ని అందిస్తాయి, బాగులేకపోతే సెకనుకు 6 కిలోబిట్లకైనా దిగి మాటను నిలబెడతాయి.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. ఇంట్లో దీపాలు ఆరినా ఫోన్ మోగేది. ఇంటర్నెట్ ఫోన్‌కు రూటర్, నెట్‌వర్క్ తీగలను కలిపే స్విచ్, ఫోన్ మూడింటికీ విద్యుత్తు కావాలి. నెట్‌వర్క్ తీగ ద్వారానే ఫోన్‌కు విద్యుత్తు పంపే పద్ధతి ఉన్నా, ఆ తీగ మొదట్లో ఉన్న స్విచ్‌కు బ్యాటరీ లేకపోతే ఫలితం లేదు. నంబరు చోటును వదిలింది కనుక, అత్యవసర సేవలకు కాల్ చేసినప్పుడు పిలిచినవారు ఎక్కడున్నారో తెలియకపోవడం ప్రాణాంతకం కాగలదు. సంస్థ తన ప్రతి ఫోన్ చిరునామానూ సరిగా నమోదు చేసి, మారినప్పుడల్లా దిద్దుకోవాలి. బలహీనమైన పాస్‌వర్డ్‌తో ఉన్న పీబీఎక్స్‌లోకి చొరబడి, రాత్రికి రాత్రి విదేశీ నంబర్లకు వేల నిమిషాల కాల్స్ చేసే మోసగాళ్ళు ఉన్నారు. విదేశీ కాల్స్‌కు హద్దు పెట్టడం, మాటను సంకేతలిపిలో పంపే ఎస్‌ఆర్‌టీపీని వాడడం మొదటి రోజునే చేయవలసిన పనులు. పెద్ద ఫైళ్ళ దిగుమతి వల్ల మాట ముక్కలు కాకుండా, రూటర్‌లో మాట ప్యాకెట్లకు ముందు వరుస ఇవ్వడమూ అంతే అవసరం.

అనేక దేశాలు ఇప్పుడు రాగి తీగల టెలిఫోన్ వ్యవస్థను పూర్తిగా ఆపివేస్తున్నాయి. బ్రిటన్ దీనికి 2027 జనవరిని గడువుగా పెట్టుకుంది. అక్కడి అనుభవం మిగిలినవారికి పనికివచ్చే ఒక సంగతి చెబుతోంది. మార్చవలసిన వాటిలో బల్ల మీది ఫోన్లు తేలికైనవి. ఎప్పుడో అమర్చి మరిచిపోయిన లిఫ్ట్ లోపలి అత్యవసర ఫోన్, దొంగల అలారం, ఫ్యాక్స్, కార్డు యంత్రం, వృద్ధుల మెడలో ఉండే సహాయపు బటన్, ఇవన్నీ ఆ రాగి తీగ మీదనే ఆధారపడి ఉంటాయి. కాబట్టి కొత్త వ్యవస్థకు మారదలచిన సంస్థ ధరల పట్టిక తెరవడానికి ముందు, తన భవనంలోకి వచ్చే ప్రతి టెలిఫోన్ తీగనూ చివరిదాకా అనుసరించి వెళ్ళి, దాని కొసన ఏముందో రాసిపెట్టుకోవాలి.