బరువు తగ్గేటప్పుడు పెట్టుకునే లక్ష్యాలు: అపోహలు - వాస్తవాలు

బరువు తగ్గాలని నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ముందే ఒక అంకె అనుకుని వస్తారు. "పెళ్లప్పుడు 56 ఉండేదాన్ని మేడమ్, మళ్లీ అంతకే రావాలి" అంటారు. ఇప్పుడేమో 80 ఉంటారు. డైటీషియన్‌గా నేను మొదట చేసే పని ఆ అంకెను కొన్నాళ్లు పక్కన పెట్టించడం. ఒంట్లో మంచి మార్పు మొదలైనా, అంకె ఇంకా దూరంగానే ఉందని మానేసేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: పాత బరువుకు వస్తేనే ఫలితం.

ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) మెరుగుపడటం మొదలవుతుంది. 80 కిలోలవాళ్లకు అది 4 కిలోలే. మొదటి మజిలీ అక్కడే పెట్టుకోండి. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలే చూడండి. షుగర్ అంచున ఉన్నవాళ్లకు అందులో పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ బృందంలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మన పక్కనే చెన్నైలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. అయినా ముప్పు 28.5 శాతం తగ్గింది. మిషన్ మీద అంకె కదలడం లేదని దిగులుపడేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ చెన్నై సంగతే.

అపోహ: రోజూ ఎంతో కొంత తగ్గుతూనే ఉండాలి.

ఆదివారం బిర్యానీ, ఆవకాయ తిని సోమవారం పొద్దున కిలో పెరిగిందని ఫోన్ చేస్తారు. అది కొవ్వు కాదు. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది. కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యేదానికి మించి 7,000 కేలరీల పైనే తినాలి. ఒక్క పూటలో అంత తినడం ఎవరివల్లా కాదు. ఆడవాళ్లకు నెలసరి ముందు కూడా ఇలాగే నీటి బరువు పెరుగుతుంది. పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకుని రాసిపెట్టుకోండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. ఒక రోజు అంకెకు టెన్షన్ పడొద్దు.

మొదటి వారం రెండు కిలోలు తగ్గిందని సంబరపడి నెలకు ఎనిమిది అని లెక్క వేసుకోవడమూ ఇలాంటిదే. అన్నం, టిఫిన్లు తగ్గించగానే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) ఖర్చవుతుంది, దాంతోపాటు పట్టి ఉన్న నీరూ పోతుంది. ఆ తర్వాత వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టే.

అపోహ: ముహూర్తం నాటికి తగ్గాలంటే కడుపు మాడ్చుకోవాల్సిందే.

వద్దు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది, కండ కూడా కరుగుతుంది. వారానికి కిలో దాటకుండా చూసుకోండి.

అపోహ: లక్ష్యం అంటే కిలోలే.

రెండు నెలల్లో కిలో కూడా తగ్గలేదని ఈమధ్య ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. టేపు పెట్టి చూస్తే నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. మనవాళ్లలో కొవ్వు పొట్ట చుట్టూనే ఎక్కువ చేరుతుంది కాబట్టి ఈ కొలత చాలా ముఖ్యం. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి లాగొద్దు.

మన చేతిలో ఉన్న పనులనే లక్ష్యాలుగా పెట్టుకోవడం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఈ నెల రోజూ మధ్యాహ్నం అన్నం కప్పుతో కొలిచి పెట్టుకోవడం, అన్నానికి సమానంగా కూర, పక్కన పప్పో గుడ్డో ఉండేలా చూసుకోవడం. వారానికి ఐదు రోజులు అరగంట నడక. మూడో అంతస్తుకు ఆయాసం లేకుండా మెట్లెక్కడం. బరువు కొన్ని వారాలు ఒకేచోట ఆగినా ఈ పనులు సాగుతుంటే దారి తప్పనట్టే. ఒళ్లు తేలికయ్యేకొద్దీ ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి, అందుకే ఆ ఆగడం. అప్పుడు తిండి కొలతలు మళ్లీ చూసుకోవాలి.

షుగర్‌కో బీపీకో మందులు వాడేవాళ్లు మాత్రం మొదలుపెట్టే ముందే మీ డాక్టర్‌కు చెప్పండి. బరువు తగ్గేకొద్దీ డోసు మార్చాల్సి రావచ్చు. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు పాత డోసే కొనసాగితే షుగర్ పడిపోతుంది.